చెన్నై తేమలోనూ కరకరలాడే మసాలా బాదం: వేయించడం నుంచి సీసాకెత్తే దాకా, ఎంత తినాలో లెక్కతో సహా

మసాలా బాదం ఇంట్లో చేయబోయేవాళ్ళు ముందుగా ఆలోచించేది కారం ఎంత, ఉప్పు ఎంత అని. ఆ పాళ్ళు కాస్త అటూ ఇటూ అయినా బాదం తినడానికి బాగానే ఉంటుంది. దాన్ని పాడుచేసేది తేమ. చెన్నైలో ఏడాది పొడుగునా గాలిలో తేమ 70 శాతం దరిదాపుల్లో ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో ఇంకా పెరుగుతుంది. అదే చేత్తో, అదే పాళ్ళతో చేసిన బాదం పొడి వాతావరణం ఉన్న ఊళ్ళో నిలిచినన్ని రోజులు ఇక్కడ నిలవదు. అందుకని కింద చెప్పే ప్రతి అడుగులోనూ చూడాల్సింది ఒక్కటే: గింజలో ఉన్న తేమ పూర్తిగా పోయిందా, పోయింది మళ్ళీ చేరకుండా ఉందా.

ఇంట్లో చేసుకోవడంలో ఇంకో లాభం లెక్క తెలియడం. ఉప్పు, చక్కెర, నూనె ఎంత పడ్డాయో గ్రాముల్లో మీకే తెలుస్తుంది కాబట్టి గుప్పెడు తింటే ఒంట్లోకి ఎంత వెళ్ళిందో చెప్పగలరు. బీపీ, షుగరు ఉన్నవాళ్ళున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

కొలతలన్నీ 250 గ్రాముల బాదంపప్పుకు. గ్రాములు చూపించే చిన్న తూకం ఉంటే వాడండి. ఉప్పు, పొడుల దగ్గర చెంచా కొలత మోసం చేస్తుంది. మెత్తటి ఉప్పు టీస్పూను నిండా దాదాపు 6 గ్రాములుంటే, అదే చెంచాడు ఆమ్‌చూర్ అందులో సగం కూడా తూగదు.

1. గింజ ఎంపిక

షావుకారుపేటలో మింట్ స్ట్రీట్ చుట్టుపక్కల కొట్లలో అడిగితే కాలిఫోర్నియా, మామ్రా, గుర్బందీ అని మూడు పేర్లు వినిపిస్తాయి. మసాలా పూతకు కాలిఫోర్నియా రకమే సరైనది. గింజలన్నీ ఒకే సైజులో ఉంటాయి కాబట్టి ఒకేసారి వేగుతాయి. మామ్రాలో నూనె ఎక్కువ, రుచి గొప్ప, ధరా అంతే. కానీ గింజలు వంకరటింకరగా, చిన్నాపెద్దా కలిసి ఉంటాయి. పెద్దవి వేగేలోపు చిన్నవి మాడిపోతాయి. దాన్ని పచ్చిగానో నానబెట్టో తినాలి, మీద కారం చల్లి ఆ రుచిని కప్పేయడం దండగ.

గుర్బందీ చిన్న గింజ, ఘాటైన వాసన. అందులో అక్కడక్కడా చేదు గింజ తగులుతుంది. చేదు బాదంలో అమిగ్డలిన్ అనే పదార్థం ఉంటుంది. నమిలితే అందులోంచి సయనైడ్ విడుదలవుతుంది. ఒక గింజ చేదుగా తగిలిందని గాభరా పడక్కర్లేదు, ఉమ్మేసి నోరు పుక్కిలించండి. అయితే కారం, బెల్లం పూత ఆ చేదును దాచేస్తుంది. కాబట్టి పిల్లలు తినే మసాలా బాదానికి గుర్బందీ వాడొద్దు.

కొనేముందు ఒక గింజ అడిగి తీసుకుని విరిచి చూడండి. లోపల మీగడ రంగులో, అంచు నుంచి అంచు దాకా ఒకేలా ఉండాలి. పసుపు తిరిగి, నూనె మరక పడ్డట్టు అద్దంలా కనిపిస్తే పాత సరుకు. వాసన చూస్తే పెయింటు డబ్బానో పాత నూనెనో గుర్తొస్తే అది ముక్కిపోయింది. ఎంత వేయించినా, ఎంత మసాలా వేసినా ఆ వాసన పోదు. పొట్టు మీద సూది బెజ్జాలు, గింజల మధ్య సన్నటి దారాలు కనిపిస్తే పురుగు చేరినట్టే. దీపావళి ముందు నెలలో సరుకు తొందరగా కదులుతుంది కాబట్టి తాజాగా దొరికే అవకాశం ఎక్కువ.

ఇంటికి తెచ్చాక పళ్ళెంలో పోసి ముడుచుకుపోయినవీ, ముక్కలైనవీ ఏరేయండి. ముక్కలు అన్నిటికంటే ముందు మాడి గిన్నె మొత్తానికీ చేదు పట్టిస్తాయి. అవి పాయసంలోకో చట్నీలోకో పనికొస్తాయి.

2. ఉప్పు ముందు, గింజ లోపలికి

వేయించిన బాదం మీద ఉప్పు చల్లితే సగం అడుక్కి రాలుతుంది, మిగతా సగం నాలుకకు గట్టిగా తగులుతుంది. అందుకే ఉప్పును ముందే నీళ్ళతో పొట్టులోకి ఎక్కించాలి.

4 గ్రాముల మెత్తటి ఉప్పును, అంటే ముప్పావు టీస్పూనుకు కొంచెం తక్కువ, 30 మిల్లీలీటర్ల వేడినీళ్ళలో పూర్తిగా కరగనివ్వండి. వెడల్పాటి గిన్నెలో బాదం పోసి ఈ నీళ్ళు చల్లి, అన్ని గింజలకూ అంటేలా కలిపి మూత పెట్టండి. నాలుగైదు నిమిషాలకోసారి కలుపుతూ 20 నిమిషాలు ఉంచండి. నీళ్ళన్నీ పొట్టు పీల్చుకుంటుంది, గిన్నె అడుగున ఏమీ మిగలదు. అందుకే ఉప్పు లెక్క పక్కాగా ఉంటుంది: 4 గ్రాములు వేశారు, 4 గ్రాములూ బాదం మీదే ఉన్నాయి.

నీళ్ళు 30 మిల్లీలీటర్లకు మించొద్దు. ఎక్కువైతే పొట్టు ఉబ్బి వదులవుతుంది, వేగాక పొరలుగా ఊడి పూతను కూడా వెంట తీసుకుపోతుంది. పులుపు కావాలంటే ఈ నీళ్ళలో సగం నిమ్మరసం పోయొచ్చు. నిమ్మరసం వాడదగ్గ సమయం ఇదొక్కటే. వేగిన బాదం మీద పిండితే కరకర అక్కడితో సరి.

రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, వాటినే మసాలా బాదం చేయాలనుకునేవాళ్ళున్నారు. చేయొచ్చుగానీ 80 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఆరబెట్టాలి. మేడ మీద ఎండలో ఆరబెడదామనుకుంటే సముద్రపు గాలికి సాయంత్రం అయ్యేసరికి మళ్ళీ చెమ్మ పడుతుంది, రెండో రోజుకు బూజు భయం. పీచులోనూ, పాలీఫినాల్స్ అనే ఒంటికి మేలు చేసే పదార్థాల్లోనూ మంచి భాగం ఆ పొట్టులోనే ఉంది. చిరుతిండి బాదానికి పొట్టు ఉంచేయండి.

3. వేయించడం

ఓటీజీ (బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్) ఉంటే అదే మేలు. 120 డిగ్రీలకు 10 నిమిషాలు ముందుగా వేడెక్కనివ్వండి. ట్రేలో గింజ మీద గింజ పడకుండా ఒకే వరుసగా పరిచి మధ్య అరలో పెట్టండి. 15 నిమిషాలు 120 దగ్గర ఉంచితే ఉప్పునీళ్ళ తడి ఆరుతుంది. తర్వాత ఒకసారి కలిపి, వేడి 150కి పెంచి 10 నుంచి 12 నిమిషాలు. ఓటీజీలో వెనక మూల ఎక్కువ వేడిగా ఉంటుంది కాబట్టి మధ్యలో ట్రేని తిప్పి పెట్టండి.

వేగిందో లేదో పొట్టు రంగు చెప్పదు. ఒక గింజ తీసి చాకుతో అడ్డంగా కోయండి. నడిమధ్యలో లేత బంగారు రంగు మొదలై, అంచులు అంతకంటే కొద్దిగా ముదురుగా ఉంటే వెంటనే బయటికి తీయండి. ఇంకా తెల్లగా ఉంటే రెండు నిమిషాలు ఆగి ఇంకోటి కోసి చూడండి. లోపల గోధుమరంగు వచ్చేదాకా ఆగితే ఆలస్యమైనట్టే, ఎందుకంటే బయటికి తీశాక కూడా గింజలోని వేడికి రంగు ముదురుతూనే ఉంటుంది. అందుకే తీసిన వెంటనే వేడి ట్రేలోంచి వేరే పళ్ళెంలోకి మార్చాలి.

వేడిగా ఉన్నప్పుడు కొరికి చూసి "మెత్తగా ఉంది, ఇంకా వేగలేదు" అని మళ్ళీ లోపల పెట్టేవాళ్ళే ఎక్కువమంది బాదాన్ని మాడుస్తారు. వేడి బాదం ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. కరకర వచ్చేది చల్లారాకే, దానికి 20 నిమిషాలైనా పడుతుంది.

తొందరగా అవుతుందని 180 డిగ్రీలు పెట్టకండి. పైన మాడుతుంది, లోపల పచ్చి మిగులుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. బాదంలో ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం సహజంగానే ఉంటుంది. ఎక్కువ వేడిలో అది చక్కెరలతో కలిసి అక్రిలమైడ్ అనే ఒంటికి మంచిది కాని పదార్థంగా మారుతుంది. రంగు ముదిరేకొద్దీ అది పెరుగుతుంది. లేత బంగారు రంగు దగ్గర ఆపేయమనడం రుచి కోసమే కాదు.

ఎయిర్ ఫ్రయర్‌లో అయితే 140 డిగ్రీలు, 10 నుంచి 12 నిమిషాలు, నాలుగేసి నిమిషాలకు బుట్ట ఊపాలి. బుట్ట సగానికి మించి నింపొద్దు. అందులో పొడులు చల్లి పెట్టకండి. లోపలి గాలికి కారం ఎగిరి హీటింగ్ కాయిల్ మీద పడి మాడుతుంది, ఇల్లంతా దగ్గులు.

ఈ రెండూ లేకపోతే మూకుడు చాలు. దానికి ఉప్పునీళ్ళ పద్ధతి వద్దు, గింజ పూర్తిగా పొడిగా ఉండాలి. మందపాటి ఇనుప మూకుట్లో అరకిలో రాళ్ళ ఉప్పు పోసి సన్నటి సెగ మీద 8 నిమిషాలు వేడెక్కించి, అందులో బాదం వేసి ఆపకుండా తిప్పుతూ 12 నుంచి 15 నిమిషాలు వేయించండి. ఉప్పు వేడిని గింజ చుట్టూ సమంగా పంచుతుంది. వట్టి మూకుట్లో ఆనిన వైపే మచ్చలు పడతాయి, లోపల వేగదు. జల్లెడ పట్టి ఉప్పు దులిపేయండి. ఆ ఉప్పు చల్లారాక దాచి మళ్ళీ మళ్ళీ వాడొచ్చు. మైక్రోవేవ్ మాత్రం ఈ పనికి వద్దు. బయట మామూలుగా కనిపిస్తూనే గింజ మధ్యలో మాడిపోతుంది.

4. పూత: పొడి అంటుకునేదెలా

పొడి బాదానికి అంటుకోవాలంటే మూడు ఉండాలి. పొడి మైదా అంత మెత్తగా ఉండాలి, గింజ వెచ్చగా ఉండాలి, మధ్యలో పల్చటి జిగురు ఉండాలి. మిక్సీలో వేసిన పొడిని సన్న జల్లెడ పట్టి, మీద మిగిలిన రవ్వ పక్కన పెట్టండి. రవ్వ ఎప్పటికీ అంటదు, సీసా అడుక్కే చేరుతుంది. బజారులో కొన్న ఇడ్లీ పొడి సరిగ్గా అంటకపోవడానికి కారణం అదే. వాడాలంటే మళ్ళీ మెత్తగా తిప్పి జల్లించాలి, అందులో ఉప్పు ఉంటుంది కాబట్టి ముందు వేసే 4 గ్రాముల ఉప్పును 2కి తగ్గించాలి.

తేలిక జిగురు నూనె. ఓవెన్ నుంచి తీసిన రెండు మూడు నిమిషాల్లోపు, గింజ ఇంకా చేతికి కాలుతుండగానే, ఒక టీస్పూను నువ్వుల నూనె వేసి కలిపి, పొడిని మూడు విడతలుగా చల్లుతూ గిన్నెను ఎగరేస్తూ కలపండి. టీస్పూనుకు మించి నూనె పడితే పొడి ముద్దలై జారిపోతుంది. మసాలాను వేయించడానికి ముందే వేయడం చాలామంది చేసే తప్పు. 150 డిగ్రీల దగ్గర కారం నల్లబడుతుంది, వెల్లుల్లి చేదెక్కుతుంది.

గట్టిగా అంటిన పూత కావాలంటే, ప్రయాణానికి డబ్బాలో కట్టుకెళ్ళాలంటే, గంజి జిగురు మంచిది. ఒక టీస్పూను కార్న్‌ఫ్లోర్ 40 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి, సన్న సెగ మీద అద్దంలా మెరిసేదాకా ఉడికించండి. వేయించిన బాదానికి ఇది పట్టించి, పొడి చల్లి, 110 డిగ్రీల దగ్గర 15 నుంచి 20 నిమిషాలు ఆరనివ్వండి. ఆ వేడికి మసాలా మాడదు. గుడ్డు తినేవాళ్ళు గంజి బదులు అర తెల్లసొన నురగ వచ్చేలా గిలక్కొట్టి వాడొచ్చు. అప్పుడు 120 డిగ్రీలు, 25 నిమిషాలు. శనగపిండి ముద్దలో ముంచి నూనెలో వేయించేది వేరే వంటకం. రుచిగానే ఉంటుందిగానీ నూనె లెక్క మన చేతిలో ఉండదు.

ఇక రుచులు.

కరివేపాకు మిరియాలు. చెన్నై ఇళ్ళలో ఎప్పుడూ ఉండే సరుకుతో అయిపోయే రకం, ఈ వాతావరణానికి అన్నిటికంటే బాగా నిలిచే రకం కూడా. మూడు పెద్ద రెబ్బల కరివేపాకు కడిగి, గుడ్డతో తడి పూర్తిగా ఒత్తేసి, 100 డిగ్రీల ఓవెన్‌లో 12 నుంచి 15 నిమిషాలు పెట్టండి. వేళ్ళ మధ్య నలిపితే గలగలమని పొడి కావాలి. కాస్త మెత్తదనం ఉన్నా ఇంకో మూడు నిమిషాలు. దానికి ఒక టీస్పూను మిరియాలు, అర టీస్పూను వేయించిన జీలకర్ర, చిటికెడు ఇంగువ కలిపి మెత్తగా పట్టండి. మిరియాలు అప్పటికప్పుడు దంచినవైతేనే ఘాటు. బజారు ఇంగువలో గోధుమపిండి కలిసి ఉండొచ్చు, గోధుమ పడనివాళ్ళు అట్ట చూసుకోవాలి.

వెల్లుల్లి కారం. పచ్చి వెల్లుల్లి దంచి వేస్తే ఆ పూట అద్భుతంగా ఉంటుంది, రెండో రోజుకు బాదం మెత్తబడుతుంది. వెల్లుల్లి బరువులో సగానికి పైగా నీరే. పది రెబ్బలు పల్చగా తరిగి 90 డిగ్రీల దగ్గర 45 నిమిషాల నుంచి గంట దాకా, విరిస్తే టక్కున విరిగేదాకా ఆరబెట్టండి. 4 గ్రాముల బ్యాడగి మిర్చి రంగు కోసం, 1 లేదా 2 గ్రాముల గుంటూరు మిర్చి కారం కోసం, అర టీస్పూను ధనియాలు. అన్నీ కలిపి పొడి చేసి జల్లించండి. గుంటూరు మిర్చి ఒక్కటే వేస్తే రంగు వచ్చేసరికి నోరు మండిపోతుంది.

ఆమ్‌చూర్ పులుపు. రెండు టీస్పూన్ల ఆమ్‌చూర్, పావు టీస్పూను నల్ల ఉప్పు, అర టీస్పూను జీలకర్ర పొడి. నల్ల ఉప్పు వేస్తున్నారు కాబట్టి మొదటి ఉప్పు 3 గ్రాములు చాలు. ఆమ్‌చూర్, నల్ల ఉప్పు రెండూ గాలిలో తేమను లాగేసుకుంటాయి, వానాకాలంలో ఇది వారం కూడా నిలవదు. నవంబరులో చేసేటట్టయితే ఆమ్‌చూర్ బదులు పావు టీస్పూను నిమ్మ ఉప్పు మెత్తగా నూరి వాడండి, తక్కువ పొడితో పులుపు వస్తుంది.

డికాక్షన్ బాదం. తీపి రకాల్లో ముందు చేయాల్సింది ఇదే. మాంబళంలోనో మైలాపూర్‌లోనో కళ్ళముందు కాఫీ గింజ పట్టి ఇచ్చే కొట్టులో చికోరీ (కాఫీలో కలిపే వేరు పొడి) బాగా తక్కువ కలిపించి పొడి తెచ్చుకోండి. చికోరీ ఎక్కువైతే కాఫీ వాసన తగ్గి చేదు ముందుకొస్తుంది. ఫిల్టర్‌లో దిగిన మొదటి డికాక్షన్, చిక్కటిది, 40 మిల్లీలీటర్లు. చక్కెర 60 గ్రాములు. రెండూ మందపాటి గిన్నెలో వేసి మధ్యస్థపు సెగ మీద మరిగించండి. పాకం తీగ దశ దాటి, చన్నీళ్ళలో ఒక బొట్టు వేస్తే మెత్తటి ఉండ కట్టే దశకు వచ్చాక, థర్మామీటరు ఉంటే 116 డిగ్రీలు చూపగానే, పొయ్యి మీంచి దించేయండి. ఉప్పునీళ్ళు పట్టించకుండా వేయించిన 250 గ్రాముల బాదం, చిటికెడు ఉప్పు వేసి ఆపకుండా కలపండి. మొదట అంతా మెరుస్తూ జిగటగా ఉంటుంది. నిమిషంన్నరకు మెరుపు పోయి మసకబారుతుంది, గరిటె బరువెక్కుతుంది, ఆ వెంటనే పాకమంతా ఇసుకలా మారి ప్రతి గింజకూ విడివిడిగా గరుకుగా అంటుకుంటుంది. ఆ మార్పు కళ్ళముందే జరుగుతుంది, అది జరిగేదాకా చెయ్యి ఆపకూడదు.

బాదం వెచ్చగా ఉండాలి. చల్లటి గింజ వేస్తే పాకం ఒక్కచోటే గడ్డకడుతుంది. మూడు నాలుగు నిమిషాలు కలిపినా జిగట పోకపోతే పాకం ముదరలేదని అర్థం. సన్న సెగ మీద మళ్ళీ పెట్టి, ఇసుకలా మారేదాకా కలపండి. చివర్లో 100 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఆరబెడితే మిగిలిన తడి పోతుంది.

బెల్లం శొంఠి. బెల్లంలో చక్కెరతోపాటు కొంత గ్లూకోజు, ఫ్రక్టోజు కూడా ఉంటాయి. అవి తేమను పట్టి లాగుతాయి, పాకాన్ని ఇసుకలా మారనివ్వవు. అందుకే బెల్లం బాదాన్ని ముదురు పాకంతోనే చేయాలి. 75 గ్రాముల బెల్లం, రెండు టేబుల్ స్పూన్ల నీళ్ళు కరిగించి వడగట్టి మళ్ళీ పొయ్యి మీద పెట్టండి. నీళ్ళలో వేసిన పాకం ఉండను పళ్ళేనికేసి కొడితే గోళీలా టంగుమనాలి. అప్పుడు ఒక టీస్పూను నెయ్యి, అర టీస్పూను శొంఠి పొడి, రెండు యాలకుల పొడి, బాదం వేసి రెండు నిమిషాల్లో కలిపేసి, నెయ్యి రాసిన పళ్ళెం మీద ఫోర్కుతో గింజకు గింజ విడదీయండి. ఆలస్యమైతే అచ్చు వేసినట్టు బిగుసుకుంటుంది. వానాకాలంలో 25 గ్రాముల బెల్లం, 50 గ్రాముల చక్కెర పెట్టుకోవడం తెలివైన పని. తేనె పూత చాలామందికి ఇష్టమేగానీ మన వాతావరణంలో ఆ పూట చేసుకుని ఆ పూట తినేయడానికే పనికొస్తుంది.

5. చల్లార్చడం, సీసాకెత్తడం

వెచ్చగా ఉండగా మూత పెడితే లోపలి ఆవిరి మూతకు పట్టి మళ్ళీ గింజ మీదే పడుతుంది. రాత్రంతా పళ్ళెంలో వదిలేస్తే గాలి తేమ ఎక్కుతుంది. రెంటికీ మధ్య వ్యవధి 30 నుంచి 40 నిమిషాలు. ఏసీ ఉన్న గది ఉంటే అక్కడ చల్లార్చండి. ఏసీ గాలిలో తేమ తీసేస్తుంది కాబట్టి వానాకాలంలో ఈ ఒక్క మార్పే బాదం ఆయుష్షును పెంచుతుంది. అరచేతిలో పట్టుకుంటే ఏ మాత్రం వెచ్చదనం తగలకూడదు, అప్పుడే సీసాలోకి.

ఒక పెద్ద సీసా బదులు రెండు మూడు చిన్న గాజు సీసాలు తీసుకుని మెడ దాకా నింపండి. సగం ఖాళీ సీసాలో సగం తేమ గాలే ఉంటుంది, పైగా మూత తీసిన ప్రతిసారీ కొత్త గాలి చేరుతుంది. ఆహారానికి వాడదగిన సిలికా జెల్ పొట్లం ఒకటి వేయొచ్చు, కానీ చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు. దాని బదులు వేయించిన బియ్యం పల్చటి గుడ్డలో మూటకట్టి వేసినా కొంత పని చేస్తుంది. పొయ్యి పక్క అల్మరాలోనో కిటికీ గట్టు మీదో పెట్టకండి. వేయించిన బాదం పచ్చిదానికంటే తొందరగా ముక్కిపోతుంది. వేడి, వెలుతురు, గాలి మూడూ దాన్ని తొందరపెడతాయి.

ఈ జాగ్రత్తలతో కారం రకాలు బయట రెండు వారాలు, డికాక్షన్ బాదం పది రోజులు, బెల్లం బాదం వారం అనుకోండి. ఫ్రిజ్‌లో అయితే ఇంతకు రెట్టింపు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను వెంటనే తెరవకండి. చల్లటి గింజ మీద చెన్నై గాలి తగిలిన క్షణంలోనే చెమ్మ పడుతుంది. మూత అలాగే ఉంచి 20 నిమిషాలు బయట పెట్టి, తర్వాత తెరవండి. ఒక్కోసారికి కావలసినంత చిన్న సీసాల్లో వేరుచేసి పెట్టుకుంటే ఈ బాధ తగ్గుతుంది. పచ్చి బాదం నిల్వకు కూడా ఫ్రిజ్ మంచిదే, కానీ మూత బిగువుగా ఉండాలి. బాదం పక్కనున్న ఉల్లిపాయ వాసనను కూడా పీల్చుకుంటుంది.

మెత్తబడ్డ కారం బాదాన్ని 110 డిగ్రీల దగ్గర 8 నుంచి 10 నిమిషాలు వేడిచేసి చల్లారిస్తే కరకర తిరిగొస్తుంది. బెల్లం పూత అలా బాగుపడదు, కరిగి కారుతుంది. దంచి పాయసం మీదో ఐస్‌క్రీమ్ మీదో చల్లుకోండి. ముక్కిపోయిన వాసన వచ్చిందంటే పారేయడమే.

6. గుప్పెడులో ఏముంది

28 గ్రాముల బాదం అంటే దాదాపు 23 గింజలు. అందులో 6 గ్రాముల ప్రోటీన్, 14 గ్రాముల కొవ్వు, 3.5 గ్రాముల పీచు, 7 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ ఇ, 75 మిల్లీగ్రాములకు పైగా మెగ్నీషియం ఉంటాయి. పెద్దవాళ్ళకు రోజుకు కావలసిన విటమిన్ ఇ 15 మిల్లీగ్రాములని అమెరికా ప్రమాణం. అంటే దాదాపు సగం ఇక్కడే వచ్చేసింది. కొవ్వులో ఎక్కువ భాగం ఏకఅసంతృప్త రకం, సంతృప్త కొవ్వు గ్రాము చిల్లర.

కేలరీల లెక్కలో ఆసక్తికరమైన సంగతి ఒకటుంది. మామూలు లెక్క ప్రకారం ఈ 28 గ్రాములకు 160 నుంచి 170 కేలరీలు. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు మనుషుల మీద కొలిచి చూస్తే ఒంటికి నిజంగా అందేది దాదాపు 129 కేలరీలే అని తేలింది. గింజ కణాల గోడల్లో చిక్కుకున్న కొవ్వు కొంత జీర్ణం కాకుండానే బయటికి పోతుంది. వేయిస్తే, ముక్కలు చేస్తే, ముద్దగా రుబ్బితే ఆ గోడలు పగిలి అందే కేలరీలు పెరుగుతాయి. కాబట్టి బరువు చూసుకునేవాళ్ళకు బాదం ముద్ద కంటే గింజగా నమలడం మేలు.

బాదం తింటే చెడు కొలెస్ట్రాల్ కొద్దిగా తగ్గుతుందని చాలా అధ్యయనాల్లో కనిపించింది. 2003లో అమెరికా ఆహార ఔషధ సంస్థ రోజుకు సుమారు 42 గ్రాముల గింజలు గుండెజబ్బు ముప్పును తగ్గించవచ్చునని, పరిమితులు చెబుతూనే, అట్ట మీద రాసుకోనిచ్చింది. ఈ రంగంలో చాలా అధ్యయనాలకు డబ్బు బాదం పరిశ్రమదే అన్నది కూడా గుర్తుంచుకోవాలి. మేలు జరిగేది మిక్చర్, మురుకులు, బిస్కట్ల స్థానంలో బాదం తిన్నప్పుడు. అవన్నీ తిని పైన గుప్పెడు బాదం వేసుకుంటే పెరిగేది బరువే. జ్ఞాపకశక్తి పెరుగుతుందనే మాటకు అంత గట్టి ఆధారం లేదు.

మన పాళ్ళతో ఉప్పు లెక్క చూద్దాం. 250 గ్రాములకు 4 గ్రాముల ఉప్పు అంటే 25 గ్రాముల వడ్డనకు 0.4 గ్రాములు, సోడియంలో దాదాపు 160 మిల్లీగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. అందులో ఇది పన్నెండో వంతు. బీపీ ఉన్నవాళ్ళకు 2 గ్రాములతో చేసి, మిరియాలూ పులుపూ పెంచండి, తేడా పెద్దగా తెలియదు. డికాక్షన్ బాదం 25 గ్రాముల్లో చక్కెర 5 గ్రాముల లోపు, బెల్లం బాదంలో 6 గ్రాముల దాకా. బెల్లమైనా రక్తంలో షుగరు పెరగడం తప్పదు. మధుమేహం ఉన్నవాళ్ళకు కరివేపాకు రకమే సరి.

మసాలా బాదంతో ఉన్న చిక్కు చెయ్యి ఆగకపోవడం. పచ్చి బాదం పది తినేసరికి ఎవరైనా ఆగుతారు, కారం బాదం ముప్పై అయినా ఆగరు. సీసా ముందు పెట్టుకోకుండా 20 గింజలు చిన్న గిన్నెలోకి తీసుకుని, సీసాను లోపల పెట్టేశాక కూర్చోండి. సాయంత్రం నాలుగు, ఐదు మధ్య, రాత్రి భోజనానికి చాలా ముందు, మంచినీళ్ళతో తింటే పొట్టకు హాయిగా ఉంటుంది.

7. కొన్న ప్యాకెట్ అయితే

ముందు వైపు బొమ్మలు వదిలేసి వెనక్కి తిప్పండి. పదార్థాల జాబితా బరువులో ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నియమం. బాదం తర్వాత రెండో పేరు చక్కెరో పామాయిలో అయితే అది మిఠాయి కింద లెక్క. 100 గ్రాములకు సోడియం 600 మిల్లీగ్రాములు దాటితే రోజూ తినే సరుకు కాదు. మన ఇంటి పాళ్ళు దాదాపు అక్కడే ఉన్నాయి. 621, 627, 631 అనే సంఖ్యలు రుచి పెంచేవి. విషం కాదుగానీ చెయ్యి ఆగకపోవడానికి అవి కూడా ఒక కారణం. 551 పొడి గడ్డకట్టకుండా వేసేది. తయారీ తేదీ చూసి, నెల రెండు నెలల లోపుదే తీసుకోండి.

8. ఎవరు జాగ్రత్త పడాలి

నాలుగైదేళ్ళ లోపు పిల్లలకు గింజ గింజగా ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడుతుంది. మెత్తటి పొడి చేసి పాలలోనో జావలోనో కలపాలి. గింజల అలర్జీ ఉన్నవాళ్ళకు ఒక్కటి కూడా వద్దు. తిన్నాక పెదాలు వాచినా, ఊపిరి బిగుసుకున్నా ఆసుపత్రికి పరుగెత్తాలి.

బాదంలో ఆక్సలేట్లు ఎక్కువ. కాల్షియం ఆక్సలేట్ రాళ్ళు వచ్చినవాళ్ళు డాక్టరును అడిగాకే రోజువారీ అలవాటు చేసుకోవాలి. చెన్నై ఎండల్లో నీళ్ళు తక్కువ తాగేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. కిడ్నీ జబ్బు ఉండి పొటాషియం, ఫాస్ఫరస్ తగ్గించమన్నవాళ్ళూ అంతే. కడుపుబ్బరం ఎక్కువగా ఉన్నవాళ్ళు పది గింజలతో ఆపి చూడండి. ఇరవై తింటే గ్యాసు పట్టేవాళ్ళలో చాలామందికి పదితో ఏ ఇబ్బందీ ఉండదు. కట్టుడు పళ్ళవాళ్ళకు ముదురు పాకం బెల్లం బాదం బదులు డికాక్షన్ రకం పెట్టండి, అది గట్టిగా ఉండదు.

థైరాయిడ్ మాత్ర పొద్దున్నే పరగడుపున వేసుకునేవాళ్ళు మాత్ర వెంటనే బాదం తినొద్దు. పీచు, కాల్షియం ఆ మందును ఒంటికి సరిగ్గా పట్టనివ్వవు. మాత్ర వేసుకున్నాక గంట దాకా ఏమీ తినకుండా ఉండి, బాదాన్ని సాయంత్రానికి మార్చుకుంటే ఏ చిక్కూ లేదు.